అవధానభక్తి – ప్రసాదిస్థల విచారము



గత శ్రావణమాసమున మా ఊరి మఠములో సాయంకాలపు పాఠము ముగిసిన పిదప ఒక యువకుడు నాయొద్దకు వచ్చి, శరణార్థి చెప్పి, కూర్చుండెను. అతడు హైదరాబాదులో ఒక కంప్యూటరు సంస్థలో రాత్రివేళ పనిచేయువాడు. "సార్, మా ఆఫీసులో వారానికొకసారి ధ్యానం నేర్పుతున్నారు. కళ్లు మూసుకొని ఊపిరిని గమనించమంటారు. బాగానే ఉంది. మరి మనకు ఇటువంటిది లేదా? మనకున్నది పూజ ఒక్కటేనా?" అని అడిగెను. నేను తొందరపడి "అంతా మనలోనే ఉన్నది నాయనా" అని చెప్పి పంపివేసితిని. ఇంటికి వచ్చి ఆలోచింపగా అది జవాబు కాదని తోచెను. అంతయు మనలోనే కలదనుట సులభము. ఎచట కలదో, ఏ పేరుతో కలదో, దానిని ఎట్లు ఆచరింపవలెనో చూపుట కష్టము. ఆ యువకునికి నేను బాకీపడిన జవాబే ఈ పాఠము.

ధ్యానమునకు నేడు లోకమున గొప్ప ఆదరణ కలిగినది. 1979లో అమెరికా దేశమున, మసాచుసెట్స్ విశ్వవిద్యాలయపు వైద్యకళాశాలలో, జాన్ కబట్ జిన్ అను నాయన దీర్ఘకాలిక వ్యాధులతోను, నొప్పులతోను బాధపడు రోగులకు ఎనిమిది వారముల శిక్షణ నొకదానిని ఆరంభించెను. బౌద్ధులు పాళీభాషలో 'సతి' అనియు, సంస్కృతమున 'స్మృతి' అనియు పిలుచు సాధనయే దానికి మూలము. ఆ శిక్షణ అచటినుండి ఆసుపత్రులకు, పాఠశాలలకు, కార్యాలయములకు వ్యాపించెను. 2024 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి డిసెంబరు 21వ తేదీని ప్రపంచ ధ్యానదినముగా ప్రకటించినది. ఇది సంతోషింపదగినదే. పొరుగింటి దీపము వెలుగుచున్నదని మనము కోపింప పనిలేదు. అయితే మన ఇంటి దీపములో నూనె ఎంత ఉన్నదో చూచుకొనుట మన విధి.

మన షట్స్థల శాస్త్రమున ఈ సాధనకు మిక్కిలి సమీపమైన మాట 'అవధానము'. భక్త, మహేశ్వర, ప్రసాది, ప్రాణలింగి, శరణ, ఐక్య అను ఆరు స్థలములు మన పిల్లలకు సైతము కంఠస్థములే. ఈ ఆరింటికిని ఆరు భక్తులు చెప్పబడినవి. భక్తునిది శ్రద్ధాభక్తి, మహేశ్వరునిది నిష్ఠాభక్తి, ప్రసాదిది అవధానభక్తి, ప్రాణలింగిది అనుభవభక్తి, శరణునిది ఆనందభక్తి, ఐక్యునిది సమరసభక్తి. ఈ వరుసను నిదానముగా చూడుడు. శ్రద్ధ, నిష్ఠ అనునవి ముందు వచ్చినవి. అనుభవము, ఆనందము తరువాత వచ్చినవి. నడుమ నున్న వంతెన అవధానము. శ్రద్ధయు నిష్ఠయు కలిగి, నలువది యేండ్లు లింగపూజ చేసియు, అనుభవము కలుగలేదని వాపోవు పెద్దలను నేను చూచితిని. వారి శ్రద్ధను నేను శంకింపను. వారు వంతెన ఎక్కలేదేమో యని మాత్రము నాకు తోచును. ఈ మాట ఇతరులనుగూర్చి వ్రాయుట న్యాయము కాదు గనుక నాసంగతియు ముందు చెప్పెదను.

కొన్ని యేండ్ల క్రిందట, వార్షికపరీక్షల కాలమున, ఒక ఉదయము నేను యథావిధిగా స్నానము చేసి, పూజకు కూర్చుండి, ముగించి, లింగమును వెండికాయలో నుంచి మెడలో వేసికొని లేచితిని. మా ఇంటివారు వంటింటినుండి "ఏమండీ, పూజ అయిందా?" అని అడిగిరి. నాకు జవాబు తెలియలేదు! అయినదో లేదో నాకు నిశ్చయముగా జ్ఞాపకము లేదు. చేయి నుదుటికి పోయెను, విభూతి తగిలెను. అయినదని అప్పుడు తెలిసెను. ఆ ఇరువది నిమిషములు నా మనస్సు ప్రశ్నపత్రముల కట్టలలో నుండెను. చేతులు పూజచేసెను, నోరు మంత్రము చెప్పెను. నేను మాత్రము అక్కడ లేను. పూజ జరిగినదనుటకు సాక్ష్యము నుదుటి బూడిద యొక్కటే.

ఇప్పుడు మాటను విచారింతము. (వ్యాకరణము నా వృత్తివ్యాధి, పాఠకులు మన్నింతురు గాక.) 'ధా' ధాతువునకు ఉంచుట, ధరించుట అని అర్థము. 'అవ' అను ఉపసర్గ చేరగా, ఒకచోట నిలిపి ఉంచుట అను అర్థము వచ్చును. తెలుగువారికి ఈ పదము వేరొక దారిలో సుపరిచితము. తిరుపతి వేంకటకవుల కాలమునుండి నేటివరకు అష్టావధానమును చూడని తెలుగు ఊరు అరుదు. ఒకరు సమస్య నిత్తురు, ఒకరు దత్తపది నిత్తురు, ఒకరు అక్షరములను నిషేధింతురు, ఒకరు వర్ణన కోరుదురు. నడుమ నడుమ గంట మ్రోగుచుండును. ఎన్ని మ్రోతలో అవధాని లెక్క చెప్పవలెను. వీరందరికంటెను సభవారికి ప్రియమైనవాడు అప్రస్తుతప్రసంగి. అవధాని పద్యపాదము కట్టుచుండగా "అయ్యా, తమ అత్తగారింట ఈనాడు ఏమి కూర?" అని అడుగుట వాని పని.

నేను బాల్యమున అవధానమును చూచినపుడు అవధాని గొప్పతనము ఆయన జ్ఞాపకశక్తియందు కలదనుకొంటిని. ఇప్పుడు వేరుగా తోచుచున్నది. ఆయన గొప్పతనము అప్రస్తుతప్రసంగితో వ్యవహరించు తీరునందు కలదు. ఆయన వానిపై కోపింపడు. వాని నోరు మూయింపడు. వానితో వాదమునకును దిగడు. నవ్వుచు ఒక్క మాట చెప్పి, తాను విడిచిన పాదమునకే మరలివచ్చును. కోపించిన అవధాని పద్యమును పోగొట్టుకొనును; ముచ్చటలో పడినవాడును పోగొట్టుకొనును.

లింగపూజకు కూర్చున్న ప్రతివాని లోపలను ఒక అప్రస్తుతప్రసంగి కూర్చుండి యున్నాడు. "కరెంటు బిల్లు కట్టితివా? వియ్యపురాలు అట్లన్నదేమి? పాలవాడు నిన్న నీళ్లు కలిపెనా?" అని వాడు అడుగుచునే యుండును. చాలమంది సాధకులు ఇచట రెండు పొరపాట్లలో ఒకటి చేయుదురు. కొందరు వాని వెంట పోవుదురు. నేను ప్రశ్నపత్రముల వెంట పోయినట్లు. కొందరు "అయ్యో, నా మనస్సు నిలువదు, నేను పనికిరానివాడను" అని తమపై తామే కోపించి పూజను విడిచెదరు. అవధాని మార్గము ఈ రెండును కాదు. పోయినదని తెలిసినంతనే మరలి వచ్చుట, అంతే. తెలియుటయే అవధానము. నూరుసార్లు పోయిన నూరుసార్లు మరలుటయే ఆనాటి పూజ యని నేను మా విద్యార్థులకు చెప్పుచుందును.

మరలి రావలెనన్నచో, ఎచటికి మరలవలెనో స్థానము ఉండవలెను గదా. ఆఫీసు ధ్యానమున ఆ స్థానము ఊపిరి. మనకు బసవాది శరణుల కృపచే కరస్థలమున ఇష్టలింగము లభించినది. దాని నిర్మాణమునే గమనింపుడు. లోపలి లింగమునకు నల్లని నున్నని పూత పూయబడి యుండును. ఎడమ అరచేతిలో దానిని నిలిపి, దీపమును అనుకూలమైన ప్రక్కను ఉంచినచో, ఆ నల్లని నునుపుపై ఒక చిన్న వెలుగుచుక్క నిలుచును. పూర్తిగా తెరవని, పూర్తిగా మూయని కన్నులతో ఆ వెలుగును చూచుటయే మన దృష్టిసాధన. కన్నులు మూసికొన్నవానికి నిద్రయో, ఊహయో ప్రాప్తించును. విచ్చి చూచువానికి గోడమీది క్యాలెండరు కనబడును. అర్ధనిమీలితదృష్టి ఈ రెంటికిని నడుమ నున్నది. చేయి అలసి వంగినను, మనస్సు దూరముగా పోయినను, ఆ చుక్క కదలి మనకు తెలియజేయును. నాకు తెలిసినంతలో ఇంతకంటె నిజాయితీగల సాక్షి వేరొకటి లేదు. ఈ దృష్టియోగము పరాకాష్ఠకు పోయినవాని కథ ప్రభుదేవుని చరిత్రలో కలదు. అల్లమప్రభువునకు లింగము లభించినది అనిమిషయోగి కరస్థలము నుండియే. ఱెప్పపాటు లేని చూపు గనుక ఆయనకు అనిమిషుడని పేరు.

అయితే ఒక హెచ్చరిక. అనిమిషుని పేరు విని ఱెప్ప వేయకుండ గంటలకొలది చూచుటకు ఎవ్వరును పూనుకొనరాదు. కంటికి శస్త్రచికిత్స జరిగినవారు, కంటిలో ఒత్తిడివ్యాధి గలవారు, తలనొప్పి గలవారు వైద్యుని అడిగియే చేయవలెను. తక్కినవారికి మొదట అయిదు నిమిషములు చాలును. కన్ను నీరు కారినచో మూసికొని, పంచాక్షరిని మనస్సున స్మరించుచు, అరచేతిలోని బరువును గమనించినను సరిపోవును. చూపు లేనివారికి ఆ బరువే దృష్టి. క్రమమును మీ గురువుల ముఖమున నేర్చుకొనుడు. పత్రిక గురువు కాజాలదు.

ఇంతవరకు చెప్పినది పూజగదిలోని మాట. ఇప్పుడు ప్రసాదిస్థలము యొక్క అసలు విశేషమునకు వత్తము. అవధానభక్తిని పూజాస్థలమని పిలువక, ప్రసాదిస్థలమున ఏల ఉంచిరి? ప్రసాదమునకును అవధానమునకును ఏమి సంబంధము? ఈ ప్రశ్న నన్ను చాలకాలము వేధించెను.

ప్రసాది యనగా లింగమునకు అర్పింపనిదేదియు అనుభవింపనివాడు. అర్పించుట యనగా పళ్లెమును ఒకసారి లింగమునకు చూపి తినుట యని మనము అలవాటుపడితిమి. పెద్దలు అంత తేలికగా విడువలేదు. పదార్థము యొక్క రూపును ఇష్టలింగమునకు, రుచిని ప్రాణలింగమునకు, తృప్తిని భావలింగమునకు అర్పింపుమనిరి. ఈ మూడు మాటలను మీ పళ్లెము ముందు కూర్చుండి పరీక్షింపుడు. రూపును అర్పింపవలెనన్నచో ముందు దానిని చూడవలెను: జొన్నరొట్టెమీది మాడిన మచ్చ, పప్పులోని ఎండుమిరపకాయ, అన్నము నుండి లేచు ఆవిరి. రుచిని అర్పింపవలెనన్నచో ముందు అది నాలుకకు తెలియవలెను. చూడక మ్రింగిన ముద్దలో రుచియే లేదు, ఇక అర్పించునదేమి? తృప్తిని అర్పింపవలెనన్నచో కడుపు నిండిన క్షణమును గుర్తింపవలెను. గుర్తించినవాడు అధికముగా తినడు. గుర్తించినవాడు పళ్లెములో విడువడు. పారవేయబడిన అన్నము అర్పితము కాని అన్నమే.

ఇక ఆరు లింగముల విషయము. ముక్కునందు ఆచారలింగము, నాలుకయందు గురులింగము, కంటియందు శివలింగము, చర్మమునందు జంగమలింగము, చెవియందు ప్రసాదలింగము, హృదయమునందు మహాలింగము నెలకొని యున్నవని శాస్త్రము. దీనిని పరీక్షకు బట్టీపట్టు పట్టికగా మాత్రమే మనవారు పిల్లలకు నేర్పుచున్నారు. నేనును ఆ తప్పు చేసితిని. ఇది పట్టిక కాదు, దినచర్య. ఉదయమున వాకిట పూచిన మల్లెవాసన ముక్కునకు సోకినపుడు, అది ఆచారలింగమునకు చేరినదని ఒక్క క్షణము నిలిచి తలచుట. ఎండలో నడచి వచ్చినవానికి చెట్టునీడ తగిలినపుడు ఆ చల్లదనమును జంగమలింగమునకు సమర్పించుట. చెవికి వచ్చు మాటయును అట్టిదే. పొరుగువారిపై చెప్పబడు చాడీని ప్రసాదలింగమునకు అర్పింపవచ్చునా యని ఒక్కసారి అడుగుకొన్నచో, సగము ముచ్చట్లు అక్కడనే ఆగును. ఆరు ద్వారములకు ఆరుగురు ద్వారపాలకులు. వచ్చునది వచ్చుచునే యుండును. చూడకుండ ఏదియు లోపలికి పోరాదు. అవధానమును ప్రసాదిస్థలమున ఉంచుటకు కారణము ఇదియే యని నా అభిప్రాయము.

ఆసుపత్రులలో నేర్పు సాధనకును, మన అవధానమునకును భేదము ఇచటనే కలదు. ఆ సాధనయందును నెమ్మదిగా తినుట కలదు, గమనించుట కలదు. దానివలన మనస్సు నెమ్మదించును. నెమ్మది చిన్న విషయము కాదు. కాని గమనిక మాత్రమే చాలునా? మన తెలుగువారు కొంగజపము అను మాటను ఊరక పుట్టింపలేదు. చెరువుగట్టున ఒంటికాలిపై నిలిచిన కొంగకు ఉన్నంత ఏకాగ్రత మనలో ఎవనికి కలదు? జేబుదొంగకును అపారమైన అవధానము కలదు. ప్రసాది అవధానము వేరొక ప్రశ్నతో కూడియుండును: నేను అర్పించు ఈ పదార్థము అర్పింపదగినదేనా? ఇది ఎట్లు వచ్చినది?

ఈ ప్రశ్న అడిగిన మహాతల్లి లక్కమ్మ. ఆమె భర్త మారయ్య కల్యాణములో శరణుల ముంగిళ్లలో రాలిన బియ్యపు గింజలను ఏరి తెచ్చెడివాడు. అందుచే ఆయన ఆయ్దక్కి మారయ్య. ఆ గింజలతోనే వారి ఇంట జంగమదాసోహము. ఒకనాడు ఆయన నిత్యముకంటె అధికముగా బియ్యము తెచ్చెను. లక్కమ్మ చేటలో పోసుకొన్నంతనే ఆ హెచ్చును గుర్తించెను. ఇది మనకు తగినది కాదు, తెచ్చినచోటనే వేసి రమ్మని భర్తను పంపెను. ఆ కథను మనము దురాశలేమికి దృష్టాంతముగా చెప్పుదుము. నిజమే. కాని ముందు జరిగినదేమి? ఆమె చేతికి బరువు తెలిసెను. ప్రతిదినము తాను చెరుగు బియ్యము ఎంతయో ఆ చేతులకు తెలియును. అవధానము లేని ఇల్లాలైనచో ఆ పిడికెడు బియ్యము కుండలో పడి ఉడికిపోయెడిది. ధర్మసందేహమే పుట్టియుండెడిది కాదు.

ఆ మారయ్యయే, కాయకమున లీనమైనవాడు గురుదర్శనమునైనను, లింగపూజనైనను మరువవలెనను భావముగల వచనము చెప్పినవాడు. కాయకమును కైలాసముతో సమానము చేసిన ప్రసిద్ధవాక్యము ఆ వచనములోనిదే. మన ఇండ్లలో గోడలపై దానిని బసవేశ్వరుని పేరుతో వ్రాసికొనుట అలవాటు. నులకతాళ్లు పేనిన నులియ చందయ్య గడ్డి కోయుచుండగా ఇష్టలింగము జారిపడినను పని ఆపలేదని కథ. లింగధారణను ప్రాణముగా నెంచు మతములో ఇట్టి కథ ఉండుట ఆశ్చర్యము కలిగింపవచ్చును. పూజను తక్కువచేయుట దీని ఉద్దేశము కాదు. చేతిలో నున్న పనిపై నిలిచిన మనస్సు పూజనుండి తొలగినది కాదని చెప్పుటయే.

నాకు ఈ సంగతి పుస్తకమువలన తెలియలేదు. మా తండ్రిగారు కిరాణాదుకాణము నడిపిరి. తక్కెడ చేతబట్టినపుడు ఆయన మాటాడరు. ఎవరు పలుకరించినను "కొంచెం ఆగు తమ్ముడూ, ముల్లు నిలవనీ" అని మాత్రమే అనెడివారు. ముల్లు ఇటునటు ఊగి, ఊగి, మధ్యకు వచ్చి నిలుచువరకు ఆయన చూపు దానిపైననే యుండెడిది. శ్వాసకూడ నెమ్మదించినట్లు కనబడెడిది. తరువాత బెల్లము పొట్లము కట్టి, నవ్వి, "ఇప్పుడు చెప్పు" అనెడివారు. పూజలో ఆయన కన్నులు ఎట్లుండెడివో, తూకమునందును అట్లే యుండెడివి. పిల్లవాడనైన నాకు ఈ రెండును ఒకటేనని తెలియలేదు. నేడు ఆ దుకాణములో ఎలక్ట్రానిక్ కాటా ఉన్నది. దానియందును అంకెలు ఒక క్షణము కదలి నిలుచును. ఆ క్షణమున ఫోనులో మాటాడకుండుట ఎంత కష్టమో మా తమ్ముని అడిగిన చెప్పును.

గృహస్థులు నన్ను అడుగు మరియొక ప్రశ్న: ఏ దినములలో మానవచ్చును? లింగధారికి పంచసూతకములు లేవని శరణులు నిర్ణయించిరి. పుట్టుక, చావు, స్త్రీల ఋతుకాలము, ఎంగిలి, జాతి – వీనిలో ఏదియు లింగమును అంటదు. కనుక ఇంటి ఆడవారిని నెలలో మూడుదినములు పూజకు దూరముగా ఉంచు ఆచారము కొన్ని కుటుంబములలో ఇంకను కనబడుచున్నచో, అది మనది కాదు. సూతకము లేదనుట సౌకర్యము మాత్రమే కాదు, సెలవుకూడ లేదనుటయే. శవము ఇంటనున్న దినమునను లింగము కరస్థలమునకు రావలెను. మా తల్లిగారు లింగైక్యమైన నాడు నేను చేసిన అయిదు నిమిషముల పూజ నాకు నేటికిని జ్ఞాపకమున్నది. ప్రశ్నపత్రముల నాటి ఇరువది నిమిషములు జ్ఞాపకము లేవు.

ఆ యువకుడు దసరా సెలవులకు మరల మఠమునకు వచ్చెను. నేను పై సంగతులలో కొన్ని చెప్పితిని. అతడు శ్రద్ధగా విని, "సార్, నాకు రాత్రి డ్యూటీ. తెల్లవారి అయిదింటికి వస్తాను. కళ్లు మండుతుంటాయి. ఎప్పుడు చేయమంటారు?" అని అడిగెను. పడుకొనుటకు ముందు స్నానము చేసి అయిదు నిమిషములు చేయుమంటిని. కన్ను మండుచున్నచో చూపును విడిచి, అరచేతి బరువును పట్టుకొనుమంటిని. ఆఫీసులో తినునపుడు మొదటి మూడు ముద్దలైనను తెరను చూడక తినుమంటిని. రూపునకు ఒకటి, రుచికి ఒకటి, తృప్తికి ఒకటి.

"మూడు ముద్దలేనా?" అని అతడు నవ్వెను.

"ముందు మూడు తిని చూడు నాయనా" అంటిని.

కార్తికమాసమున అతని తల్లి మఠములో కనబడి, కొడుకు ఫోనులో ఈ మాట చెప్పినాడనెను: రెండు ముద్దలు కుదురుచున్నవట, మూడవదానికి ఎవరో ఒకరు పిలుచుచున్నారట. అప్రస్తుతప్రసంగి వానికిని దొరికినాడని చెప్పి పంపితిని. ప్రాణలింగిస్థలమును, అనుభవభక్తిని గూర్చి వచ్చు సంచికలో విచారింతము.